ప్రహరీకీ ఇంటి గోడకీ మధ్య జాగా
(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఎందుకు మాట్లాడమన్నారో మీలో చాలామందికి తెలుసు. రెండు నెలల క్రితం మన కార్యవర్గం ఒక వినతిపత్రం ముసాయిదా తయారుచేసి సభ్యులందరికీ పంపింది. విశ్రాంత ఉద్యోగుల ఇళ్ళకు సెట్‌బ్యాక్ నిబంధనలు సడలించాలని, ఇప్పటికే కట్టిన వాటిని ఉన్నవి ఉన్నట్టుగా ఆమోదించాలని ప్రభుత్వాన్ని కోరడం అందులో సారాంశం. సర్వీసంతా మునిసిపాలిటీ టౌన్ ప్లానింగ్ విభాగంలో గడిపినవాణ్ణి గనుక, తీర్మానానికి ముందు నా అభిప్రాయం చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. దాచుకోవడం దేనికి, ఆ ముసాయిదా ఇప్పుడున్న రూపంలో వెళ్ళకూడదన్నదే నా అభిప్రాయం. దాని వెనక ఉన్న అవసరం మాత్రం నిజమైనదే. ఆ అవసరానికి వేరే దారి ఉందని చెప్పడానికే వచ్చాను.

మన సభ్యుల్లో ఎక్కువమందికి ఉన్నది రెండు వందల గజాల స్థలం. ముప్పై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు. మీటర్ల లెక్కలో 167 చదరపు మీటర్లు. 2012 ఏప్రిల్‌లో వచ్చిన 168వ నంబరు జీ.ఓ. ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల లోపు స్థలానికి పక్కలా వెనకా 1 మీటరు చొప్పున, ముందువైపు చిన్న రోడ్డయితే మీటరున్నర వదలాలి. మీటరంటే మూడడుగుల మూడంగుళాలు. రెండు పక్కలా పోగా ఇంటికి మిగిలే వెడల్పు ఇరవైమూడున్నర అడుగులు. ఇక్కడే మన మనసు కొట్టుకుంటుంది. “ఇంత ఖరీదైన జాగాలో ఆరున్నర అడుగులు వృథాగా వదలాలా?” అని మేస్త్రీ అడుగుతాడు. మేస్త్రీ అడగకపోతే అల్లుడు అడుగుతాడు.

వృథా అన్న మాట దగ్గర కొంచెం ఆగుదాం. మీరు వదిలిన మీటరు, పక్కవారు వదిలిన మీటరు కలిస్తే రెండు మీటర్ల సందు. రెండిళ్ళ కిటికీలకూ వెలుతురు వచ్చేది ఆ సందులోంచే. మీ పక్కగోడకు సున్నం వేయాలంటే, పగులు పూడ్చాలంటే, పైపు మార్చాలంటే సారవ కట్టేది అందులోనే. వానాకాలం నీళ్ళు పోయేది, గ్యాసు సిలిండరు వెనక్కి తీసుకెళ్ళేది, మంటలంటుకుంటే మనిషి బయటపడేది కూడా అందులోనుంచే. ఒకరు తమ మీటరు కలిపేసుకుంటే మిగిలిన మీటరు పక్కవారిది. అంటే పక్కవారి స్థలం ఇద్దరికీ గాలి ఇస్తున్నదన్నమాట. ఇద్దరూ కలిపేసుకుంటే పది మీటర్ల ఎత్తు గోడలు రెండు ఒకదాని వీపు ఒకటి ఆనుకుని నిలబడతాయి. మధ్యలో దిగిన వాన నీరు ఎవరి పడకగదిలో చెమ్మగా తేలుతుందో దేవుడికే తెలియాలి.

పల్లెల్లో మన తాతలు జీ.ఓ.లు చూడలేదు. కానీ చూరు నీళ్ళు ఎవరి జాగాలో వారికే పడాలన్నది వాళ్ళకు తెలుసు. ఎదుటివాడి దొడ్డిలోకి చూరు దించితే ఊరంతా పంచాయతీకి కూర్చునేది. సెట్‌బ్యాక్ అన్నది ఆ చూరు న్యాయమే, కాస్త కొలతలు చేర్చుకుని కాగితమెక్కింది.

హైదరాబాదులో ఈ కొలతలకు 1981 నాటి బిల్డింగ్ బైలాస్ ఉండేవి. 2006లో 86వ నంబరు జీ.ఓ., 2012లో నేను చెప్పిన 168 వచ్చాయి. 168కి తరువాత సవరణలు చాలా జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో వేరే నిబంధనలు వచ్చాయి. ప్లాను గీయించేముందు అప్పటి పట్టిక చూసుకోవలసిందే గాని, పక్కింటాయన నోటిలెక్క మీద ఆధారపడకండి. ఆ చరిత్ర అంతకన్నా మనకు అక్కరలేదు.

మనవాళ్ళలో ఒక అపోహ ఉన్నది. నిబంధన అంటే రాతిగోడ, దానికి సందే లేదు, కాబట్టి దొంగచాటుగా దాటడం తప్ప గత్యంతరం లేదని. ఇది సరికాదు. 168లోనే సడలింపులు ఉన్నాయి. పొడవు వెడల్పుకు నాలుగు రెట్లున్న సన్నని స్థలమైతే పక్కల వదలవలసినది కొంత ముందుకూ వెనక్కూ సర్దుకోవచ్చు. మొత్తం ఖాళీ తగ్గకూడదు, పక్కన కనీసం మీటరు ఉండాలి. 300 చదరపు మీటర్లు దాటిన స్థలంలో ఒక పక్క ఖాళీలోంచి మీటరు దాకా రెండో పక్కకు మార్చుకోవచ్చు. రోడ్డు వెడల్పు కోసం స్థలం ఉచితంగా వదిలినవారికి ముందు ఖాళీతో సహా రాయితీ ఉంది. అది వద్దనుకుంటే ఆ మేరకు అదనపు నిర్మాణమో, బదిలీ చేసుకోగల అభివృద్ధి హక్కో తీసుకోవచ్చు. ఇక కట్టేటప్పుడు జరిగే చిన్న తేడాల సంగతి. ముందు ఖాళీని మినహాయించి మిగిలిన వైపుల పది శాతం లోపు తేడాను రుసుము కట్టించుకుని క్షమించే వీలుంది. ఆ రుసుమేమీ చిన్నది కాదు, అతిక్రమించిన మేరకు రిజిస్ట్రేషన్ శాఖ లెక్కలో భూమి విలువ ఎంతో అంత.

ఇవన్నీ ఒకే వరసలో ఉన్నాయి, గమనించారా? స్థలం సన్నగా ఉంది, స్థలం రోడ్డుకు పోయింది, కొలతలో జానెడు తేడా వచ్చింది. ప్రతిదానికీ ఒక కారణం ఉంది, ఒక హద్దు ఉంది. యజమాని పెద్దవాడనో, రిటైరయ్యాడనో, అప్పు చేశాడనో ఒక్కచోటా రాయలేదు.

దీనికి పూర్తిగా భిన్నమైనవి క్రమబద్ధీకరణ పథకాలు. 2007 డిసెంబరు 31న అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో భవనాల పీనలైజేషన్ పథకం వచ్చింది. 1985 జనవరి నుంచి 2007 డిసెంబరు మధ్య దాకా కట్టినవాటికి వర్తించింది. ఇదే చివరిసారి అన్నట్టుగానే అందరూ మాట్లాడుకున్నారు. రాష్ట్రం విడిపోయాక 2015లో అటు ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇటు తెలంగాణలోనూ మళ్ళీ పథకాలు వచ్చాయి. తెలంగాణ పథకానికి గడువు తేదీ 2015 అక్టోబరు 28. దరఖాస్తులు కుప్పలుగా వచ్చాయి, వ్యవహారం హైకోర్టుకు వెళ్ళింది, 2016లో కోర్టు ఆ దరఖాస్తుల మీద తుది నిర్ణయం తీసుకోకుండా ఆపింది. అప్పుడు డబ్బు కట్టి రసీదు ఫైల్లో పెట్టుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మన సభ్యులు ఈ హాల్లోనే ఉన్నారు. వారి బాధ నాకు తెలియనిది కాదు.

అయితే ఆ దరఖాస్తు ఫారం ఒకసారి గుర్తు చేసుకోండి. మీ పేరు, స్థలం సర్వే నంబరు, మంజూరైన ప్లాను, కట్టిన ప్లాను, ఎంత అతిక్రమణ, ఎంత రుసుము. అందులో పక్కింటివారు ఎక్కడున్నారు? వారి కిటికీ ఎక్కడుంది? రెండు పక్షాలున్న తగవును యజమానికీ ప్రభుత్వానికీ మధ్య పద్దుగా మార్చేశారు. వెలుతురు పోయింది ఒకరికి, డబ్బు వెళ్ళింది ఇంకొకరికి. నా అభ్యంతరమంతా ఇంతే. మన ముసాయిదా వినతిపత్రం కూడా సరిగ్గా ఇదే కోరుతున్నది. కాకపోతే రుసుము కూడా వద్దంటున్నది.

మన సంఘంలో ఒక సభ్యుని భార్య ఉన్నారు. పేరు చెప్పను. భర్త పోయి చాలా ఏళ్ళయింది, కుటుంబ పింఛను మీద ఉంటున్నారు. ఇంటికి తూర్పున రెండు కిటికీలు. పక్క స్థలం కొన్నాయన మూడంతస్తులు లేపి, ఈమె ప్రహరీకి జానెడు దూరంలో గోడ తెచ్చారు. పగలు పదకొండింటికి కూడా ఆ గదిలో లైటు వేసుకుని రామకోటి రాసుకుంటున్నారు. ఆ కట్టినాయన ఎవరో పరాయివాడు కాదండీ, ఒక కార్యాలయంలో పనిచేసి రిటైరైన మనబోటి ఉద్యోగే. “నాకూ పింఛనే కదా, పై రెండు వాటాలు అద్దెకిస్తే గాని గడవదు” అన్నారట. ఆయన మాటా అబద్ధం కాదు. మరి మన సంఘం ఎవరి తరఫున వినతిపత్రం ఇస్తుంది? ఇద్దరూ మనవాళ్ళే గదా!

ఇలాంటి తగవు మరోచోట ఎలా తీరుస్తారో ఈమధ్య కళ్ళారా చూశాను. మా అమ్మాయి వాళ్ళు అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలో ఉంటారు. మన తెలుగువాళ్ళు అక్కడ చాలామంది. మనలో సగంమంది ఏదో ఒక ఎండాకాలం అటు వెళ్ళి వచ్చినవారే. నేనున్నప్పుడు మా అమ్మాయి ఇంటికి రిజిస్టరు ఉత్తరం వచ్చింది. వెనక వీధిలో ఒకాయన వంటగది వెనక్కి పెంచుకోదలిచాడు, వదలవలసిన ఖాళీలో ఆరడుగులు తగ్గుతుంది, ఫలానా తేదీన విచారణ, అభ్యంతరముంటే వచ్చి చెప్పుకోవచ్చునని ఆ ఉత్తరం. 1975 నాటి ఆ రాష్ట్ర చట్టం ప్రకారం నిబంధన నుంచి మినహాయింపు కోరేవాడు తన స్థలానికి అన్ని దిక్కులా 200 అడుగుల లోపు ఉన్న యజమానులందరికీ కనీసం పది రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. బహిరంగ ప్రకటన కూడా ఇవ్వాలి. ఖర్చు దరఖాస్తుదారుడిదే. ఈ మినహాయింపును అక్కడ వేరియన్స్ అంటారు.

నా పాత వృత్తి ఊరుకోనిస్తుందా? అల్లుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. ఊళ్ళో టౌనుహాల్లో సాయంత్రం ఏడు గంటలకు. బోర్డులో కూర్చున్నది పెద్ద అధికారులు కారు, ఊరివాళ్ళే. సభ్యులు ఏడుగురు, ఇద్దరో ముగ్గురో అదనపు సభ్యులు. పక్కన వకీలు, ఇంజనీరు. దరఖాస్తుదారుడి చేత ప్రమాణం చేయించారు. ఆయన స్థలం వీధి చివర మలుపులో ఉండటంతో నాలుగు మూలల చతురస్రం కాక, వెనక్కి పోను పోను సన్నమైపోయింది. ఇల్లు ఎటు పెంచినా ఒక మూల ఖాళీలోకి చొచ్చుకుపోతుంది. ఆ సంగతి పటం మీద చూపించాడు. తరువాత, వెనకింటి పెద్దావిడ లేచింది. కొత్త కప్పు మీది నీళ్ళు తన తోటలోకి వస్తాయా, కొత్త కిటికీలోంచి తన వంటిల్లు కనబడుతుందా అని అడిగింది. రెండే ప్రశ్నలు. బోర్డు ఇంజనీరు లేచి పటం మీద వాలు చూశాడు. చివరకు అనుమతి ఇచ్చారు. వెనక గోడకు కిటికీ పెట్టకూడదు, నీళ్ళు తన స్థలంలోనే ఇంకేలా గొయ్యి తవ్వాలి, సరిహద్దున ఆకు రాలని చెట్లు నాటాలి అని షరతులు పెట్టారు. కారణాలతో సహా తీర్మానం రాసి తరువాతి సమావేశంలో ఆమోదిస్తారట.

అదే సాయంత్రం ఇంకో కేసు వచ్చింది. ఒకాయన అనుమతి లేకుండా పెరట్లో చెక్కల అరుగు ముందే కట్టేసి, ఆ తరువాత వచ్చాడు. “ఇప్పటికే ఖర్చయిపోయిందండీ” అన్నాడు. అధ్యక్షుడు మెత్తగానే చెప్పాడు, అరుగు లేదనుకుని వింటాము, ముందుగా వచ్చి ఉంటే ఏ కారణం చూపేవారో అది చూపండి అని. ఆయన దగ్గర కారణం దొరకలేదు. వాయిదా వేశారు. తరువాత ఏమైందో చూసే అవకాశం నాకు లేకపోయింది, విమానం టిక్కెట్టు అప్పటికే కొనేశాం.

ఆ కారణమన్నది ఏమిటో చెప్పాలి, అసలు కీలకం అందులోనే ఉంది. స్థలం అసాధారణంగా సన్నగా ఉండటం, లోతు లేకపోవడం, ఆకారం వంకరగా ఉండటం, నేల ఎత్తుపల్లాలు. ఇలాంటివాటి వల్ల నిబంధనను అక్షరాలా పాటిస్తే ఇతరులకు లేని కష్టం ఈ యజమానికి కలగాలి. ఆ పైన, మినహాయింపు వల్ల ఇరుగుపొరుగుకూ ఊరికీ చెప్పుకోదగ్గ నష్టం ఉండకూడదు. రుజువు చేసే భారం అడిగేవాడిదే. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. న్యూయార్కులో 1915లో 38 అంతస్తుల ఈక్విటబుల్ భవనం లేచి చుట్టుపక్కల వీధుల్ని నీడలో ముంచేసింది. ఆ గొడవ కూడా తోడై 1916లో ఆ నగరం జోనింగ్ చట్టం చేసింది. పైకి పోను పోను అంతస్తులు వెనక్కి జరగాలన్నారు. 1920లలో అమెరికా వాణిజ్య శాఖ రాష్ట్రాలకు ఒక నమూనా చట్టం రాసి పంపింది. ప్రత్యేక పరిస్థితుల్లో అనవసరమైన కష్టం కలిగితే సడలించేందుకు ఒక బోర్డు ఉండాలని అందులోనే పెట్టారు. వర్జీనియాలో రోనోక్ అనే ఊళ్ళో ఇంటి పక్క దుకాణం వీధి దాకా కడతానన్న ఒక యజమాని కేసులో, ముందు ఖాళీ వదలమనడం న్యాయమేనని 1927లో వారి సుప్రీంకోర్టు చెప్పింది.

అక్కడంతా స్వర్గమని నేననను. అడగ్గానే ఇచ్చేసే బోర్డులు కూడా ఉన్నాయని అక్కడివారే విమర్శిస్తారు. వకీలు, ఇంజనీరు ఖర్చులు చిన్న ఇంటివాడికి భారమే. పెద్ద పెద్ద ఖాళీలు వదలాలన్న నిబంధన పెట్టి బీదవాళ్ళు తమ ఊళ్ళోకి రాకుండా చేసుకున్న ఊళ్ళూ ఉన్నాయి. మనకు పనికొచ్చేవి మూడు సంగతులు మాత్రమే. కట్టకముందు అడగడం, స్థలం వల్ల కలిగిన కారణం చూపడం, పక్కింటివారిని పిలిచి వినడం. వీటికి డాలర్లక్కరలేదు.

మన కోర్టులు కూడా చెప్పింది దాదాపు ఇదే. మద్రాసులో భవన నిబంధనల నుంచి మినహాయింపులిస్తూ ప్రభుత్వం జారీచేసిన 62 జీ.ఓ.లను కన్స్యూమర్ యాక్షన్ గ్రూప్ కేసులో సుప్రీంకోర్టు 2000 సంవత్సరంలో కొట్టివేసింది. మినహాయింపు ఇచ్చే అధికారం ఉండటం తప్పు కాదన్నది. చట్టం ఉద్దేశం చూడకుండా, కారణం లేకుండా వాడటమే తప్పన్నది. 2004లో ఒరిస్సా కేసు, ఫ్రెండ్స్ కాలనీది, వచ్చింది. తెలియక జరిగిన చిన్న తేడాకూ, తెలిసి చేసిన అతిక్రమణకూ భేదం చూడాలనీ, డబ్బు కట్టించుకుని వదలడం మినహాయింపుగానే ఉండాలి గాని అలవాటు కాకూడదనీ ఆ తీర్పు సారాంశం. ఇక నోయిడా జంట గోపురాల సంగతి టీవీలో అందరం చూశాం. రెండు భవనాల మధ్య 16 మీటర్లుండవలసిన చోట 9 మీటర్లే వదిలారన్నది అందులో ముఖ్యమైన అభియోగం. పోరాడింది పక్క భవనంలో కాపురమున్నవాళ్ళ సంఘం. 2021 ఆగస్టులో తీర్పు, 2022 ఆగస్టు 28న కూల్చివేత. కొన్ని సెకన్ల పని. మన రెండు వందల గజాల ఇంటికీ దానికీ పోలికేమిటంటారా? ఖాళీ జాగా కట్టినవాడి ఒక్కడి సొత్తు కాదన్న సూత్రం మాత్రం రెండింటికీ ఒకటే.

ఇక ముసాయిదా రాసినవారు నన్ను నిలదీసిన విషయానికి వస్తాను. లిఫ్టు. ఇది నిజమైన సమస్య. 1985 ప్రాంతాల్లో కట్టుకున్న ఇళ్ళల్లో కింద పిల్లలు, పైన మనం, లేదా కింద అద్దెవారు, పైన మనం. అప్పుడు మోకాళ్ళు బాగుండేవి. ఇప్పుడు పద్దెనిమిది మెట్లెక్కాలంటే మధ్యలో రెండుసార్లు కూర్చోవాలి. ఇంటి లోపల లిఫ్టుకు జాగా లేదు. గోడ బయట పెట్టాలంటే పక్క ఖాళీలోకి నాలుగడుగులు కావాలి, ఉన్నదే మూడు చిల్లర. దీనికి ఏం చెబుతారు అన్నారు.

ఇక్కడ అమెరికావారి పాత సూత్రం మనకు సాయం చేయదు. మనిషికున్న జబ్బు స్థలానికున్న కష్టం కాదు, మనిషి వెళ్ళిపోయాక కూడా గోడ అలాగే ఉంటుంది గనుక వేరియన్స్ కుదరదనేవారు. ఆ లోటు వారికీ తెలిసింది. 1988లో ఇళ్ళ విషయంలో వివక్ష వద్దన్న చట్టాన్ని సవరించి, వికలాంగులకు నిబంధనలో తగినంత సర్దుబాటు చేయడం స్థానిక సంస్థల బాధ్యతగా చేశారు. కొన్ని ఊళ్ళు ఆ అవసరం తీరాక కట్టడాన్ని తీసేయాలని షరతు పెడతాయి. నాకు నచ్చింది ఇది. మన లిఫ్టుకు కూడా ఇలాంటి దారే అడుగుదాం. ఇటుక గోడ కాదు, బోల్టులతో బిగించే ఇనుప చట్రం. ముందువైపు గానీ వెనకవైపు గానీ వీలుంటే అటే, వీలులేదని ఇంజనీరు రాసిచ్చినప్పుడే పక్కవైపు. పక్కింటివారి కిటికీకి ఎదురుగా రాకూడదు. మనిషి బయటపడే దారి మూసుకుపోకూడదు. అనుమతి ఆ మనిషి పేరు మీద, డాక్టరు సర్టిఫికెట్టు మీద ఉండాలి. ఇల్లు అమ్మితే చట్రం విప్పాలి. దీన్ని పెంట్‌హౌసుతోనూ, అద్దె వాటాతోనూ ఒకే గాట కడితే ప్రభుత్వం దేన్నీ నమ్మదు, నమ్మకపోవడం వారి తప్పూ కాదు.

ఇప్పటికే కట్టినవారి సంగతేమిటని వెనక వరసలోంచి అడుగుతున్నారు. అవునండీ, అక్కడికే వస్తున్నా. పది శాతం లోపు తేడా ఉన్నవారు భయపడవలసిన పని లేదు, రుసుము కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్టు తెచ్చుకోండి. అంతకు మించినవారికి మళ్ళీ ఏదైనా పథకం వస్తే వేసుకోవద్దని నేననను. ఆ హక్కు చట్టం ఇచ్చినప్పుడు కాదనడానికి నేనెవరిని? కానీ రసీదు చేతికొస్తే పక్కింటివారి హక్కు తీరిపోయిందని అనుకోకండి. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం ఒక కట్టడానికి ఇరవై ఏళ్ళు అడ్డంకి లేకుండా హక్కుగా అనుభవించిన వెలుతురూ గాలీ ఆ యజమాని హక్కవుతాయి. అది సివిలు కోర్టు విషయం, మునిసిపాలిటీ రసీదుకు సంబంధం లేనిది. నేను చెప్పిన ఆ తూర్పు కిటికీల అమ్మగారి ఇల్లు కట్టి ఇప్పటికి ముప్పై ఏళ్ళు దాటింది. వకీలును కలవమని చెప్పాను.

పక్కన గోడ లేస్తున్నదని గమనించినవారు స్లాబు పడేదాకా ఆగకండి. సమాచార హక్కు చట్టం కింద మంజూరైన ప్లాను నకలు అడగండి. కమిషనరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. హైదరాబాదు కార్పొరేషను చట్టంలో 452 సెక్షను కింద నోటీసు, 636 కింద తొలగింపు అధికారం ఉన్నాయి. పునాది దశలో వచ్చిన ఫిర్యాదుకూ, గృహప్రవేశమయ్యాక వచ్చిన ఫిర్యాదుకూ కార్యాలయంలో బల్ల మీద ఎంత తేడా ఉంటుందో సర్వీసులో రోజూ చూశాను. మొదటిదానికి సుద్దగీత చెరిపితే చాలు. రెండోదానికి కాపురమున్న ఇల్లు పడగొట్టాలి. ఎవరి చేయీ ఆడదు. 2020లో తెలంగాణలో వచ్చిన చట్టం 500 చదరపు మీటర్లు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్ళకు స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి ఇచ్చింది. మాట తప్పి కడితే నోటీసు లేకుండా కూల్చే అధికారం కూడా ఇచ్చింది. మొదటి సగం అందరికీ తెలుసు, రెండో సగం ఎవరూ చదవరు.

కాబట్టి నేను ప్రతిపాదించే సవరణ ఇది. సెట్‌బ్యాకులు గంపగుత్తగా సడలించాలన్న పేరా తీసేద్దాం. దాని బదులు, స్థలం ఆకారం వల్లగానీ, రోడ్డుకు పోయినందువల్లగానీ, నడవలేని మనిషి అవసరం వల్లగానీ మినహాయింపు కోరేవారి దరఖాస్తులను నిర్మాణానికి ముందే తీసుకుని, పక్కలా వెనకా ఉన్న యజమానులకు నోటీసు ఇచ్చి, ఒక నిర్ణీత రోజున బహిరంగంగా విని, కారణాలు రాసి నిర్ణయించే చిన్న కమిటీ ప్రతి సర్కిల్లోనూ ఉండాలని కోరుదాం. అందులో ఒక రిటైర్డ్ ఇంజనీరుకో, టౌన్ ప్లానరుకో చోటు అడుగుదాం. జీతమక్కరలేదు, టీ నీళ్ళిస్తే చాలు. మనకు పని దొరుకుతుంది, వారికి అనుభవం దొరుకుతుంది.

సవరించిన ముసాయిదా ప్రతులు కార్యదర్శిగారి బల్ల మీద ఉన్నాయి. పెద్ద అక్షరాలతోనే అచ్చు వేయించాను. భోజనాల తరువాత రెండున్నరకు చర్చ, ఆ పైన చేతులెత్తి ఓటు. అభ్యంతరమున్నవారు దయచేసి ఓటు ముందే లేచి చెప్పండి. ముఖ్యంగా పక్కింటివాళ్ళు.